బిళ్ళగన్నేరు ఆకులో ఏముంది?

అడగకుండా పూసే మొక్క ఏదంటే బిళ్ళగన్నేరే. గోడ పగులులో మొలుస్తుంది, కాలవ గట్టున మొలుస్తుంది, పాత పెయింటు డబ్బాలో ఇంత మట్టిపోసి పెడితే అక్కడా మొలుస్తుంది. నీళ్ళు పోసినా మరచిపోయినా ఏడాది పొడుగునా గులాబీరంగులోనో తెల్లగానో పూస్తూనే ఉంటుంది. అందుకే హిందీవాళ్ళు సదాబహార్ అన్నారు, తమిళులు నిత్యకల్యాణి అన్నారు. మనం మాత్రం పూజకు నాలుగు పువ్వులు తక్కువైతే తప్ప దాని వంక చూడం.

ఈమధ్య చూసేవాళ్ళు ఎక్కువయ్యారు లెండి! మా కాలనీలో పొద్దున్నే నడకకు వెళితే ఒకరో ఇద్దరో ఈ ఆకులు కోస్తూ కనిపిస్తారు. "షుగరుకి మంచిదటండీ. పరగడుపున నాలుగాకులు నమిలితే మాత్రల పనే లేదట" అంది ఒకావిడ. ఎవరు చెప్పారని అడిగితే ఆవిడకు ఫోనులో వచ్చిందట. ఇంకొకావిడకు ఆడపడుచు చెప్పిందట. ఆ ఆడపడుచుకు ఎవరు చెప్పారో తెలీదు.

ఈ మొక్క సంగతి నాకు కాస్త తెలుసు. తెలుసుకోవలసి వచ్చింది కాబట్టి తెలుసు. మా పిన్ని మనవడికి అయిదో ఏట లుకేమియా వచ్చింది. అంటే రక్తపు క్యాన్సర్. తగ్గని జ్వరం, పాలిపోయిన మొహం, దెబ్బ తగలకుండానే ఒంటిమీద నల్లని కముకులు. రక్తపరీక్ష చేస్తే బయటపడింది. ఆ రోజుల్లో వాడి తల్లికి తోడుగా నేను ఆస్పత్రిలో ఉండేదాన్ని. వారానికోసారి వాడి నరంలోకి ఎక్కించే మందుల్లో ఒకదాని పేరు విన్‌క్రిస్టిన్. "ఇది దేన్నుంచి తీస్తారో తెలుసాండీ? మీ పెరట్లో ఉండే బిళ్ళగన్నేరు నుంచే" అంది అక్కడి డాక్టరమ్మ. మా పిన్ని కళ్ళు మెరిశాయి. బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, మన దొడ్డినిండా అదే కదే. ఈ సూదులు పొడిపించడమెందుకు? ఆకు నూరి రసం పోసేద్దాం" అంది.

పిన్ని మాటను కొట్టిపారేయడానికి నాకు మనసు రాలేదు. ఆకులో మందు ఉన్న మాట నిజమే కదా! మరి ఆకే ఎందుకు ఇవ్వకూడదు? ఆ ప్రశ్నకు జవాబు కోసం తర్వాత చాలా చదివాను. అదే మీకూ చెప్పాలని.

కవరులో వచ్చిన 25 ఆకులు

బిళ్ళగన్నేరు పుట్టిల్లు మన దేశం కాదు, ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి. ఓడలెక్కి ఉష్ణదేశాలన్నీ తిరిగింది. వెళ్ళిన చోటల్లా అక్కడివాళ్ళు దాన్ని చక్కెర జబ్బుకు వాడి చూశారు. జమైకా దీవిలో ఆకులతో కషాయం కాచుకునేవారు.

1952లో జమైకా నుంచి ఒకరు 25 ఆకులు కవరులో పెట్టి కెనడాలో ఉన్న డాక్టర్ క్లార్క్ నోబుల్‌కు పంపారు. ఈయన కథ కూడా తమాషాగా ఉంటుంది. 1921లో టొరంటోలో ఇన్సులిన్ పరిశోధనకు ఇద్దరు విద్యార్థుల్లో ఎవరు ముందు చేరాలా అని నాణెం ఎగరేస్తే, ఆయన ఓడిపోయి చార్లెస్ బెస్ట్ గెలిచాడని చెబుతారు. బెస్ట్ పేరు లోకమంతా తెలిసింది, నోబుల్ పేరు ఎవరికీ తెలీదు. చక్కెర జబ్బు ఆకులు వెతుక్కుంటూ ఆయన దగ్గరికే వచ్చాయి. ఆయన వాటిని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధనలు చేసే తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు ఇచ్చాడు.

రాబర్ట్ నోబుల్ ఆకురసం ఎలుకల నోట్లో పోయించాడు. రక్తంలో చక్కెర ఏమీ తగ్గలేదు. సరే, సూది ద్వారా ఎక్కించి చూద్దామనుకున్నాడు. ఎలుకలు చచ్చిపోయాయి! ఎందుకు పోయాయా అని చూస్తే, ఒంట్లో తెల్లకణాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయి, రోగక్రిములు పైబడి చంపేశాయని తేలింది. ఇంకొకరైతే ఆకులు చెత్తబుట్టలో వేసేవారేమో. ఆయనకు మరో ఆలోచన వచ్చింది. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగిపోయే జబ్బే కదా లుకేమియా! వాటిని ఇంతగా తగ్గించే పదార్థం ఈ ఆకులో ఏదో ఉంది. అదేదో పట్టుకుంటే?

1954లో చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్త ఆయనతో చేరాడు. ఆకుల్ని నానబెట్టి, వడబోసి, వేరుచేసి, మళ్ళీ వడబోసి చివరికి తెల్లని స్ఫటికాలు తీశాడు. అదే విన్‌బ్లాస్టిన్. 1958లో ఆ సంగతి లోకానికి చెప్పారు. అదే సమయంలో అమెరికాలో ఎలీ లిల్లీ కంపెనీలో గోర్డన్ స్వోబోడా అనే ఆయన కూడా చక్కెర జబ్బు మాట విని ఇదే మొక్కను పరీక్షిస్తున్నాడు. విన్‌బ్లాస్టిన్‌కి చెల్లెలులాంటి విన్‌క్రిస్టిన్ ఆయన చేతుల్లో దొరికింది. 1963లో అమెరికా ప్రభుత్వం దాన్ని మందుగా ఒప్పుకుంది.

1960ల మొదట్లో లుకేమియా వచ్చిన పిల్లల్లో పదిమందికి ఒక్కరు కూడా దక్కడం కష్టంగా ఉండేది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం లుకేమియాకు పూర్తి చికిత్స అందితే ఇప్పుడు పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మంది బతికి బట్టకడుతున్నారు. ఆ ఘనతంతా ఒక్క మందుది కాదు, చాలా మందులు కలిపి ఏళ్ళ తరబడి ఇస్తారు. వాటిలో విన్‌క్రిస్టిన్ నేటికీ ఉంది.

ఆ చేదు మన కోసం కాదు

మరి మొక్కకు ఈ మందు తయారుచేయవలసిన అవసరం ఏమొచ్చింది? మన మీద ప్రేమతో చేయలేదు సుమా! దాని ప్రాణం కాపాడుకోవడానికి చేసుకుంది.

గొంగళిపురుగు వస్తే మొక్క పారిపోలేదు. కర్ర తీసుకుని కొట్టలేదు. దానికున్న ఆయుధం రసాయనం ఒక్కటే. ముఖ్యంగా ఏడాదంతా వేడి, తేమ ఉండే ఉష్ణదేశాల్లో పురుగుకూ బూజుకూ సెలవు ఉండదు. అందుకని అక్కడి చెట్లూ మొక్కలూ ఇలాంటి చేదుల్ని దండిగా తయారుచేసుకుంటాయి. మన వేపాకు చేదు కూడా అలాంటిదే. బిళ్ళగన్నేరు ఒక్కటే 130కి పైగా ఆల్కలాయిడ్లు తయారుచేస్తుందని లెక్క తేలింది. ఆల్కలాయిడ్ అంటే నత్రజని ఉన్న ఒక రకం రసాయనం. కాఫీలో కెఫీన్, పొగాకులో నికొటిన్ ఈ కుటుంబానివే. దొడ్లో అన్నీ మేసే మేక ఈ మొక్క జోలికి పెద్దగా వెళ్ళకపోవడం మీరూ గమనించే ఉంటారు.

ఈ ఆయుధాల్ని అది దాచుకునే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. ఉల్లిపాయ సంగతి మనకు తెలిసిందే. గంపలో ఉన్నంతసేపు ఏమీ అనదు, కత్తి పడగానే కళ్ళల్లో నీళ్ళు తెప్పిస్తుంది. లోపల రెండు వస్తువులు వేర్వేరు అరల్లో ఉంటాయి, కోస్తే కలిసిపోతాయి, ఘాటు పుడుతుంది. బిళ్ళగన్నేరు ఆకుదీ అదే ఎత్తు. స్ట్రిక్టోసిడిన్ అనే పదార్థం కణంలో ఒక సంచిలో ఉంటుంది. దాన్ని విషంగా మార్చే ఎంజైము కణం నడిబొడ్డున, కేంద్రకంలో ఉంటుంది. పురుగు కొరికిందా, రెండూ కలుస్తాయి. 2010లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు దీన్ని వివరిస్తూ టైమ్ బాంబుతో పోల్చారు.

అదే ఏడాది కెనడాలో మరో సంగతి బయటపడింది. విన్‌బ్లాస్టిన్ రెండు ముక్కలు అతికితే తయారవుతుంది. ఒక ముక్క పేరు కేథరాంథిన్, రెండోదాని పేరు విండొలిన్. మొదటిది ఆకు పైనున్న మైనపు పొరలో ఉంటుంది, పురుగుల్నీ బూజునూ ఆపడానికి. రెండోది ఆకు లోపలి కణాల్లో ఉంటుంది. ఒకరు వీధి అరుగు మీద, ఇంకొకరు వంటింట్లో అన్నమాట! ఇద్దరూ కలుసుకునేది ఎప్పుడో ఒకసారి. అందుకే ఆకులో అసలు మందు చాలా చాలా తక్కువ. ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ కావాలంటే సుమారు 500 కిలోల ఎండుటాకు పట్టుకురావాలి. విన్‌క్రిస్టిన్ ఇంకా తక్కువ.

మా పిన్ని ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ దొరికింది నాకు. గుప్పెడాకు నూరితే గ్లాసులోకి వచ్చేది విన్‌క్రిస్టిన్ కాదు. దాని ఆనవాలు మాత్రం వస్తుందేమో, మిగిలిన నూటపాతిక చేదులు కూడా కలిసి వస్తాయి. వాటిలో ఏది గుండెకు పడదో, ఏది రక్తపోటును మారుస్తుందో ఇంట్లో ఎవరికి తెలుస్తుంది?

మిల్లీగ్రాముల లెక్క

రెండో సగం జవాబు ఇంకా ముఖ్యం. మన ఒంట్లో కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని దారాలు పేనుకుంటుంది. క్రోమోజోముల్ని చెరోవైపు లాగేవి ఆ దారాలే. విన్‌క్రిస్టిన్ ఆ దారం పేనుకోనివ్వదు. దారం లేక కణం చీలలేదు, చచ్చిపోతుంది. క్యాన్సర్ కణాలు ఆపకుండా చీలుతుంటాయి కాబట్టి దెబ్బ ఎక్కువగా వాటికి తగులుతుంది.

అయితే అలాంటి దారాలు మన నరాల్లో కూడా ఉన్నాయి. అందుకే ఈ మందు పడే పిల్లలకు కాళ్ళు చేతులు తిమ్మిరెక్కుతాయి, పాదం పట్టుతప్పుతుంది, విరేచనం బిగుసుకుంటుంది. జుట్టు కూడా ఊడుతుంది. మందుకీ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ. పిల్లాడి ఎత్తు, బరువు చూసి ఒంటి వైశాల్యం లెక్కకట్టి మిల్లీగ్రాముల్లో ఇస్తారు. అది కూడా నరంలోకి మాత్రమే. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణమే పోతుంది. ఇంత జాగ్రత్తగా కొలిచి ఇస్తున్నదాని పైన, కొలత లేని ఆకురసం ఇంకొంత పోస్తే ఏమవుతుందో ఆలోచించండి.

ఆ డాక్టరమ్మ మా పిన్నికి ఇవన్నీ చెప్పలేదు. "పెద్దమ్మా, మీ పొయ్యి మీద కుక్కరు విజిల్ వేస్తుంటే ఇంకో పొయ్యి కూడా దానికిందే పెడతారా?" అంది, అంతే. పిన్ని మళ్ళీ ఆకు మాట ఎత్తలేదు. ఆ పిల్లాడు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. క్రికెట్ బ్యాటు వదలడు.

కలకత్తా ప్రయోగశాలలో ఒకావిడ

ఆకుల్లో చేదును వేరుచేసి చూసే ఈ విద్యలో మన దేశంలో పేరెన్నికగన్న ఒక మహిళ ఉంది. పాఠ్యపుస్తకాల్లో ఆవిడ పేరు పెద్దగా కనపడదు గాని, మన పిల్లలకు చెప్పదగిన పేరు. ఆవిడ అసీమా చటర్జీ. 1917లో కలకత్తాలో పుట్టింది. ఆడపిల్లలు రసాయన శాస్త్రం వంక చూడని రోజుల్లో ఆ చదువే చదివి, 1944లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి డి.ఎస్‌సి. పట్టా తీసుకుంది. 1947లో పసిబిడ్డను వెంటబెట్టుకుని అమెరికా వెళ్ళి పరిశోధన చేసింది. తిరిగివచ్చి సర్పగంధి, ఏడాకుల పొన్న, బిళ్ళగన్నేరు వంటి మొక్కల ఆల్కలాయిడ్ల మీద దశాబ్దాల పాటు పనిచేసింది. గమ్మత్తేమిటంటే ఈ మూడూ గన్నేరు కుటుంబానివే! 1961లో భట్నాగర్ బహుమతి అందుకుంది. ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆవిడే. 1975లో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌కు అధ్యక్షురాలైన మొదటి మహిళ కూడా ఆవిడే. 2006లో కన్నుమూసింది.

మన పెద్దల వైద్యాన్ని ఆవిడ కొట్టిపారేయలేదు. అలాగని కళ్ళు మూసుకుని నమ్మనూ లేదు. ఏ ఆకులో ఏ పదార్థం ఉంది, దాని నిర్మాణం ఎలా ఉంది, ఒంట్లో ఏం చేస్తుంది అని ఒక్కొక్కటే తేల్చుకుంటూ వచ్చింది. చిట్కా విన్నప్పుడల్లా మనం కూడా అడగవలసిన ప్రశ్నలు అవే కదా!

మొదట్లో ఈ మందులు విదేశాల నుంచే వచ్చేవి, ఖరీదు ఎక్కువ. 1980ల్లో పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల, సిప్లా కంపెనీ కలిసి వీటిని ఇక్కడే తయారుచేసే పద్ధతి సాధించాయి. తమిళనాడులోని మెట్ట పొలాల్లో రైతులు బిళ్ళగన్నేరును పంటగా వేస్తారు. మనం కాలవ గట్టున చూసే మొక్కే అక్కడ ఎకరాల్లో పెరుగుతుంది.

ఈస్ట్ చేతికి వంట

ఇంత ఆకు కోసి ఇంత కొంచెం మందు తీయడంలో చిక్కులున్నాయి. 2019లో అమెరికాలోనే విన్‌క్రిస్టిన్ కొరత వచ్చి, పిల్లల తల్లిదండ్రులు అల్లాడిపోయారు. అందుకే మొక్క చేసే పనిని బయట చేయించగలమా అని చాలామంది ప్రయత్నిస్తున్నారు. మొక్క ఈ మందును 30కి పైగా మెట్లలో వండుతుంది. ఆ వంటలో చివరిదాకా అంతుచిక్కని మెట్లను 2018లో ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సెంటర్‌లో సారా ఓ'కానర్ అనే శాస్త్రవేత్త బృందం కనిపెట్టింది. 2022లో డెన్మార్క్‌లో ఇంకో బృందం ఆ మెట్లకు కావలసిన జన్యువులన్నీ ఈస్ట్‌లో పెట్టి, ఆ రెండు ముక్కల్నీ తయారుచేయించింది. తర్వాత ప్రయోగశాలలో వాటిని అతికించారు. అవునండీ, రొట్టె పొంగించే ఈస్టే! ఈ పద్ధతి మందుల ఫ్యాక్టరీలకు ఎక్కాలంటే దిగుబడి ఇంకా పెరగాలి.

మరి ఇన్ని కోట్ల వ్యాపారానికి మూలమైన మొక్కను ఇచ్చిన మడగాస్కర్‌కు ఏం దక్కింది? మందు కనిపెట్టిన రోజుల్లో అలాంటి వాటా ఇవ్వాలన్న చట్టమే లేదు. 1992లో దేశాలన్నీ కూర్చుని జీవవైవిధ్య ఒప్పందం రాసుకున్నాక గాని ఆ మాట రాలేదు. మన దేశం 2002లో చట్టం చేసింది. ఈలోగా అక్కడి అడవి కరిగిపోతోంది. 1953 నుంచి 2014 లోపల మడగాస్కర్ సహజ అడవుల్లో సుమారు 44 శాతం పోయింది. బిళ్ళగన్నేరు, దాని దగ్గరి చుట్టాలు కలిపి చూస్తే ఒక్కటి తప్ప అన్నీ ఆ దీవివే. ఆ ఒక్కటి మన దేశంలో, శ్రీలంకలో పొలంగట్ల మీద పెరిగే చిన్న తెల్లపువ్వుల మొక్క. బిళ్ళగన్నేరు గోడ పగుళ్ళలో కూడా బతకగలదు కాబట్టి సరిపోయింది. అంత మొండిది కాని మొక్క ఏదైనా, ఎవరూ పరీక్షించకముందే పోతే దాని చేదుతో పాటు మందు కూడా పోతుంది.

ఇక మనం చేయవలసినవి

షుగరు విషయం ముందు చెబుతాను. ఈ ఆకు సారం ఇస్తే జంతువుల్లో చక్కెర తగ్గిందని చూపిన ప్రయోగాలు తర్వాత వచ్చిన మాట నిజమే. కాని మనిషికి ఎంత, ఎన్నాళ్ళు, ఏ మాత్రలతో కలిపి ఇస్తే క్షేమమో తేల్చిన కొలత లేదు. ఆకును నమ్ముకుని మాత్రలు మానేస్తే చక్కెర పెరిగి కళ్ళకు, మూత్రపిండాలకు ముప్పు. మాత్రలూ ఆకూ రెండూ తీసుకుంటే చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ ఆకును, వేరును అసలు నోట పెట్టకూడదు. కణం చీలడాన్ని ఆపే పదార్థం కడుపులో బిడ్డకు ఏం చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళు ఏ ఆకు పసరైనా డాక్టరుకు చెప్పకుండా వాడకూడదు.

చంటిపిల్లలు ఆకులు తుంచి నోట్లో పెట్టుకుంటారు, కుండీ అందనంత ఎత్తులో పెట్టండి. ఒకవేళ తిన్నారని తెలిస్తే ఇంటివైద్యం చేస్తూ కూర్చోక, ఆ కొమ్మ పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

పిల్లల్లో రెండు వారాలు దాటినా తగ్గని జ్వరం, పాలిపోవడం, కారణం లేకుండా కముకులు, చిగుళ్ళ నుంచి రక్తం, ఎముకల నొప్పి కనిపిస్తే, దిష్టి తీసి ఊరుకోకుండా రక్తకణాల పరీక్ష చేయించండి. ఖర్చు తక్కువ పరీక్ష. ఎంత త్వరగా తెలిస్తే అంత మంచిది.

మొక్కను మాత్రం నిశ్చింతగా పెంచుకోండి. ఎండ బాగా తగలాలి, కుండీలో నీళ్ళు నిలవకూడదు. నిలిస్తే మొదలు కుళ్ళిపోతుంది. గింజతోనూ వస్తుంది, కొమ్మతోనూ వస్తుంది. పూజకు పూలు కోసుకోండి, పురుగులకు పెట్టిన ఆ చేదును ఆకులోనే ఉండనివ్వండి.

మీ ఇంట్లో అత్తగారో, అమ్మో, మీవారో ఇప్పటికే ఈ ఆకు నములుతుంటే గొడవ పడకండి. ఈసారి షుగరు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, "ఈయన రోజూ నాలుగు బిళ్ళగన్నేరు ఆకులు తింటున్నారండీ" అని మాత్రల చీటీతో పాటు ఆ మాట కూడా డాక్టరు చెవిన వేయండి.